సామి లేని గుళ్ళకు మా చిన్నమ్మ ప్రయాణం

ఈ ఉదయం మా వీధిలోకి తోపుడు బండి వచ్చింది. "గూడూరు నిమ్మకాయలమ్మో" అని ఆ మనిషి గొంతు చించుకుంటుంటే, వద్దనుకుంటూనే వెళ్ళి అవసరానికి మించి కొనేశాను. అవి గూడూరువో కావో ఆ దేవుడికే తెలియాలి. చిత్తూరులో అమ్మే ప్రతి నిమ్మకాయా గూడూరుదే అంటారు. ఒకదాన్ని గోటితో గిచ్చి వాసన చూశాను. వంటిల్లు గుర్తు రావాల్సింది పోయి, కంచికి అవతల ఒక రాతి గుహ గుర్తొచ్చింది. నిమ్మకాయకీ, పల్లవ రాజుల కాలంలో కొండను తొలిచిన గుడికీ ఏమిటి చుట్టరికం అని మీరడగొచ్చు. మధ్యలో మా చిన్నమ్మ ఉంది. ఆమె ఉన్నచోట చుట్టరికాలకేం తక్కువ!

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పెళ్ళయి తిరుపతిలో కాపురం పెట్టింది. తిరుపతిలో సొంత ఇల్లు ఉండడమంటే ఏమిటో బయటి ఊళ్ళవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ప్రపంచంలో ఉన్న చుట్టాలందరూ ఏదో ఒక రోజు కొండకు రావలసినవాళ్ళే, వచ్చినవాళ్ళందరూ మన ఇంట్లో దిగవలసినవాళ్ళే. కాలేజీ చదువు కోసం నేను ఆ ఇంట్లో ఉన్న రోజుల్లో, పొద్దున లేచి చూస్తే వసారా నిండా తెలియని మనుషులు పడుకుని ఉండేవాళ్ళు. గుండ్లకు పూసుకున్న చందనం వాసన, మిద్దె మీద ఆరేసిన తడి తువ్వాళ్ళ వాసన, ఎవరో విప్పిన లడ్డు పొట్లంలోంచి నెయ్యీ పచ్చకర్పూరం వాసన, అన్నీ కలిసి ఆ ఇంటికి ఒక సొంత వాసన ఉండేది. వాకిట్లో చెప్పులు చూసి పక్కింటివాళ్ళు, "ఈపొద్దు మీ ఇంట్లో పెండ్లా?" అని వేళాకోళం చేసేవాళ్ళు.

వచ్చినవాళ్ళ యాత్ర మొత్తం చిన్నమ్మే నడిపించేది. ఎవరు మెట్ల దారిన పోవాలి, ఎవరికి బస్సు మేలు, తిరుచానూరు ముందా కాళహస్తి ముందా, కాణిపాకం మీద నుంచి తిరిగి వెళ్ళేవాళ్ళు ఎన్నింటికి బయలుదేరాలి, అన్నీ ఆమె నోటి మీద ఉండేవి. వాళ్ళు కొండెక్కితే ఆమె ఇంట్లో ఉండి, దిగి వచ్చేసరికి వేడివేడిగా అన్నం, పప్పు, రోట్లో నూరిన ఊరిబిండి సిద్ధం చేసేది. ఎప్పుడన్నా బలవంతాన ఆమెను కూడా తీసుకెళితే చంకలో ఎవరి పిల్లో, చేతిలో ఎవరి సంచో ఉండేది. అంతసేపు నడిచి, నిలబడి, తీరా సామి ఎదుటికి వచ్చేసరికి చంకలోని పిల్ల ఏడుపు మొదలుపెట్టేది. "జరగండమ్మా, జరగండి" అనే మాట వినిపించేది. చిన్నమ్మ జరిగేది. దానికి ఆమె ఒక్కరోజు కూడా నొచ్చుకోలేదు. "అంతమంది వస్తారు పాపా. జరపకపోతే ఎనకుండేవాళ్ళ గతేమి?" అని వాళ్ళ తరఫునే మాట్లాడేది.

నాలుగైదేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. "పాపా, కంచి పక్కన కొండను తొలిచి గుడి చేసినారంట. సెల్లులో సూపించినారు. నీకు తెలుసునా?" తెలియకేం, బళ్ళో పిల్లలకు చెప్పిచెప్పి నోరు అరిగిపోయిన పాఠం. రాళ్ళు పేర్చి కట్టింది కాదు చిన్నమ్మా, ఉన్న బండనే లోపలికి తొలుచుకుంటూ పోయి స్తంభాలు, గర్భగుడి మిగిల్చుకున్నారు అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె సాంతం విని, "ఆడ జనం ఉంటారా?" అని ఒక్క మాట అడిగింది. ఉండరు, పూజలు కూడా జరగవు, లోపల సామి కూడా లేడు అన్నాను. "అయితే నేను పోవాల" అంది. అంతటితో ఆగలేదు. ఈ ప్రయాణానికి చుట్టాలెవరూ రాకూడదట. ఆమె, చిన్నాయన, నేను, ఒక కారు. రెండు రోజులు. పొద్దున బయలుదేరి ఆ గుహ చూసుకుని, సాయంత్రానికి మహాబలిపురం చేరి, మర్నాడు అక్కడి రాతి గుళ్ళు చూసి ఇల్లు చేరాలి. వ్యాను నిండా మనుషుల్ని ఎక్కించనిదే తృప్తి పడని మా వంశంలో ముగ్గురితో యాత్ర అనే మాట అదే మొదటిసారి వినడం.

చిన్నాయన నవ్వాడు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ ప్రయాణానికైనా ఒక కారణం ఉండాలంటాడు. "సామి లేని గుళ్ళో ఏముంటుందే? రాళ్ళు. రాళ్ళు చూసేదానికి కంచి దాకా పోవాల్నా? మన కొండంతా రాళ్ళే గదా" అన్నాడు. చిన్నమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా జవాబు చెప్పింది. "సామి ముందర నిదానంగా నిలబడే రాత నాకు లేదు. సామి లేని కాడన్నా ఒక్కతూరి నిలబడి, నా కడుపు నిండే దాకా సూసి వస్తా." చిన్నాయన మళ్ళీ నవ్వలేదు. ఇన్నేళ్ళుగా ఊరందరికీ దర్శనం చేయించిన మనిషి కడుపులో ఇంత ఆకలి ఉందని నేను ఏనాడూ అనుకోలేదు.

ఇక ఏర్పాట్లు! శిల్పాల గురించి నేను చెప్పబోయినదేదీ ఆమె చెవికెక్కించుకోలేదు. ఆ కొండ దగ్గర నీడ ఉందా, బాత్రూం ఉందా, మెట్లెలా ఉన్నాయి, ఎన్ని గంటలకు తాళం వేస్తారు, ఇవీ ఆమె ప్రశ్నలు. సంచిలో టెంకాయ, కర్పూరం పెట్టింది. అక్కడ హారతి వెలిగించనివ్వరు చిన్నమ్మా అంటే టెంకాయ తీసేసి, "కర్పూరం ఉంటే ఉంటుంది లే, బరువా?" అంది. కారు కూడా మాట్లాడేసింది. డ్రైవరు భాయ్ ఆ వీధివాడే. వాళ్ళ నాయన కాలం నుంచీ చిన్నమ్మ ఇంటి చుట్టాలను రేణిగుంట స్టేషన్నుంచి దింపుతున్నది వాళ్ళే. "మీరు పోయేదానికా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడట, నమ్మకం కుదరక.

అన్నీ సిద్ధమయ్యాక ప్రయాణం ఆగిపోయింది. ముందురోజు మదనపల్లె నుంచి ఎవరో దిగారు. సరే అనుకుని మళ్ళీ ఒక రోజు ఖాయం చేసుకున్నాం. ఈసారి గూడూరత్త వచ్చింది. గూడూరత్త అంటే చిన్నాయనకు అక్క. నిమ్మకాయల వ్యాపారం చేసే ఇంటి కోడలు. మనవడికి పుట్టెంటికలు తీయించాలని బలగమంతా వేసుకుని, ఒక గోతం నిండా నిమ్మకాయలతో దిగింది. విషయం తెలిసి నేను ఒంటి కాలి మీద లేచాను. "అది ఇల్లా, సత్రమా? ఒక్కసారి కుదరదని చెప్పలేవా?" అని ఫోనులో కేకలేశాను. చిన్నమ్మ "కొండకొచ్చే వాళ్ళను వద్దనేదానికి నాకు నోరు రాదు పాపా. మోకాళ్ళు సూస్తే ఇంక మాట ఇనేటట్లు లేవు. మూడో తూరి కూడా ఇట్లనే అయితే ఇంక నేను అడగను, నువ్వూ అడగొద్దు" అంది. ఆ గొంతు విన్నాక నా కోపం నీరుగారిపోయింది.

మూడోసారి నేను ముందురోజే తిరుపతి వెళ్ళి కాపలా కూర్చున్నాను. తెల్లవారి చిన్నమ్మ ఆ గూడూరు నిమ్మకాయలే పిండి చిత్రాన్నం కలిపింది. క్యారియర్ కారులో పెట్టాం. చిన్నాయన గేటుకు తాళం వేస్తున్నాడు. అప్పుడు మోగింది ఫోను. చిన్నమ్మ పేరు చూసి నా వైపు చూసింది. గూడూరత్త. చిన్నమ్మ బొటనవేలు ఆ పచ్చ బొత్తాం దాకా వెళ్ళి ఆగింది. ఆమె ఫోన్ అలాగే మోగుతుండగా కొంగులో చుట్టి, కారెక్కి తలుపేసుకుంది. "పోనీ భాయ్, పోనీ" అంది.

రేణిగుంట దాకా ఆ కొంగులో ఫోను మోగుతూనే ఉంది. "ఎత్తవే, ఎవురికేమయిందో" అన్నాడు చిన్నాయన. "ఏమీ కాలా. కొండకొస్తా ఉండారు, అంతే" అంది ఈవిడ. పుత్తూరులో ఎముకలకు కట్లు కట్టే ఇళ్ళ బోర్డులు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. ఆ ఊరు దాటాక చిన్నమ్మ వెనక్కి తిరిగి రోడ్డును చూసి, "భాయ్, మన ఊరు దాటేసినాము గదా?" అని అడిగింది. "ఎప్పుడో దాటేస్తిమి గదమ్మా" అన్నాడతను. "అయితే ఇప్పుడు చెప్తే అబద్ధం గాదు" అని ఫోన్ బయటికి తీసింది. అప్పుడర్థమైంది మాకు. ఇంటి ముందు నిలబడి 'ఊళ్ళో లేము' అనడానికి ఆమెకు నోరు రాలేదు, నిజమయ్యేదాకా ఆగింది.

"వదినా, మేము ఊర్లో లేము" అంది. ఆ మాట అన్న తీరు మీరు వినాలి. ఎన్నికల్లో గెలిచినవాళ్ళు కూడా అంత గట్టిగా చెప్పరు. గూడూరత్త గొంతు మా అందరికీ వినిపించింది. "ఊర్లో లేరా? యాడికి పోతుండారు?"

"గుళ్ళకు."

"మీ ఊర్లో లేని సామి ఇంకెక్కడుండాడే?"

"ఈ గుళ్ళల్లో సామి లేడు వదినా" అని చెప్పి చిన్నమ్మ ఇంటి సంగతుల్లోకి దిగింది. ఇంకో తాళంచెవి పక్కింట్లో ఉండాది, బియ్యం డబ్బాలో ఉండాది, పెరుగు తోడేసి పెట్టినా, చింతకాయ తొక్కు పైఅరలో. ఊరు దాటినా ఆతిథ్యం దాటలేదు. ఫోన్ పెట్టేశాక కూడా ఆమె దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది. భాయ్ అద్దంలోంచి చూసి, "అమ్మా, ఎనక్కి తిప్పమంటారా?" అన్నాడు. "తిప్పినావంటే సూడు!" అంది చిన్నమ్మ. నగరి దాటేదాకా చిన్నాయన కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటూనే ఉన్నాడు.

తిరుత్తణి మీదుగా కంచి చేరి, పాలారు దాటి, దారి అడుక్కుంటూ ఆ కొండ దగ్గరికి వెళ్ళాం. ఒక పక్క చెరువు, ఇంకో పక్క వరి చేలు, మధ్యలో పెద్ద ఎత్తేమీ లేని కొండ. కాపలా మనిషి గ్రిల్లు తాళం తీసి, చింతచెట్టు కిందికి వెళ్ళి కూర్చున్నాడు. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడితే పాదాలకు చల్లగా తగిలింది. గబ్బిలాల వాసన. లావు స్తంభాలు, పైనా కిందా నాలుగు పలకలు, నడుమ ఎనిమిది. లోపల చిన్న గర్భగుడి, చీకటిగా, ఖాళీగా. ముగ్గురం దాని ఎదుటికి వెళ్ళాం. చేతులు జోడించాం, కళ్ళు మూశాం, తెరిచాం, ఎడమ పక్కకు జరిగాం, బయటికి వచ్చేశాం.

ఎండలో చెప్పులు వెతుక్కుంటున్నాం. నేను మహాబలిపురానికి ఎంత దూరమో లెక్కేస్తున్నాను. ఒక కాలికి చెప్పు తొడుక్కున్న చిన్నమ్మ అలాగే ఆగిపోయింది.

"పాపా, మనల్ని ఎవురు జరగమన్నారు?"

ముగ్గురం వెనక్కి తిరిగి చూశాం. లోపల ఎవరూ లేరు. వెనక వరసా లేదు, ముందు వరసా లేదు. కాపలా మనిషి చెట్టు కింద తువ్వాలు మొహాన వేసుకుని పడుకున్నాడు. ఇంత దూరం వచ్చి, చుట్టాలను తప్పించుకుని, ఎవరూ తోయకుండానే మమ్మల్ని మేమే తోసుకుని బయటికి వచ్చేశాం! చిన్నమ్మ ఫక్కున నవ్వింది. ఎప్పుడూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి, ఆ కొండ మారుమోగేట్టు నవ్వింది. నవ్వుతూనే ఆ ఒక్క చెప్పూ విడిచి, మోకాళ్ళు పట్టుకుని మళ్ళీ మెట్లెక్కింది. స్తంభానికి ఆనుకుని, గర్భగుడికి ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన చిన్నాయన కూర్చున్నాడు, కాసేపటికి కునుకు తీశాడు. రాళ్ళు చూడ్డానికి ఇంత దూరమా అన్న మనిషికి ఆ రాతి మీద పట్టినంత నిద్ర ఇంట్లో పట్టి ఉండదు.

ఆకలేసినప్పుడు చింతచెట్టు కింద చిత్రాన్నం తిన్నాం, కాపలా మనిషికీ పెట్టాం. ఎండకు కాలిన బండ వాసనలో ఆ నిమ్మ వాసన కలిసిపోయింది. చేతులు కడుక్కుని చిన్నమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మహాబలిపురానికి పొద్దుండగా చేరాలని నేను ఒకసారి గుర్తు చేస్తే, వినిపించుకోలేదు. లోకానికంతా వేళలు చెప్పిన మనిషి తన వేళను తనే గాలికొదిలేసింది. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మా వంశంలో పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళున్నారు, పేపర్లో పేరు పడినవాళ్ళున్నారు. ఎవరిని చూసీ నాకు అంత గర్వం కలగలేదు. గూడూరత్త సంగతి అడుగుతారేమో, మర్నాడు మేము ఇల్లు చేరేసరికి ఆమే వంట చేసి, ముడుచుకున్న మూతితోనే చిన్నమ్మకు వడ్డించింది. మారు అన్నం పెడుతూ, "ఈ తూరి పోయేటప్పుడు నాకొక మాట చెప్పు" అంది.

ఆ రోజు గుహ దగ్గర పొద్దు వాలాక కాపలా మనిషి తాళాల గుత్తి ఆడించుకుంటూ వచ్చాడు. లోపలికి తొంగి చూసి, టైం అయిపోయిందమ్మా అన్నాడు తమిళంలో. చిన్నమ్మ తిరుపతిలో నేర్చుకున్న తన అరకొర తమిళంలో, చేయి ఊపుతూ, అతణ్ణి ఆగమంది. "ఇరుప్పా, ఇప్పొదాన్ వందోం." ఉండప్పా, ఇప్పుడే గదా వచ్చినాము అని. పొద్దున్నుంచీ అక్కడే కూర్చున్న మనిషి! నాకు నవ్వొచ్చింది, అతనికీ నవ్వొచ్చింది. కానీ మాకంటే ముందు ఎన్నెన్నో వానలూ ఎండలూ చూసిన ఆ స్తంభాల మధ్య నిలబడి చూస్తే, పొద్దున ఫోనులో చెప్పినట్టే, చిన్నమ్మ ఆ రోజు రెండోసారి కూడా నిజమే చెప్పింది. ఆ రాతి లెక్కలో మేము అప్పుడే వచ్చాం.