మావయ్య మాట్లాడిపెట్టిన టెస్టు

గల్ఫ్‌లో ఆసుపత్రి నర్సుగా నేను చేసిన పనే జనం ముక్కుల్లో పుల్లలు పెట్టి శాంపిల్ తీయడం. కరోనా మొదలైన దగ్గర్నుంచీ రోజంతా అదే. ఏ టెస్టు ఎంతసేపట్లో తేలుతుందో, ఏ దేశం ఏది అడుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయినా ప్రత్తిపాడు దగ్గర మా పల్లెలో, మా ఇంట్లో, ఆ విషయంలో నా మాట చెల్లలేదు. మావయ్య మాట చెల్లింది.

మావయ్యంటే అమ్మకి అన్న. చిలకలూరిపేట పత్తి మిల్లులో చేసి మానేశాడు. ఊళ్ళో ఎవరికి ఆసుపత్రి పనిపడినా, ఆఫీసు పనిపడినా ముందు ఆయన ఫోను బయటికి తీస్తాడు. ఎక్కడైనా సరే, 'అక్కడ మనవాడున్నాడు' అంటాడు. మనవాడెవడూ లేకుండా నేరుగా వెళ్ళి, వరసలో నిలబడి పని చేయించుకునే మనిషిని మా వైపు వెర్రిబాగులవాడి కింద లెక్కేస్తారు. నాన్న పోయాక మా ఇంటికి మగదిక్కు తనేనని మావయ్య నమ్మకం. అమ్మ నమ్మకమూ అదే.

తమ్ముడి పెళ్ళికని సెలవు మీద వచ్చిన నేను, విమానాలు ఆగిపోవడంతో నెలల తరబడి ఇరుక్కుపోయాను. చివరికి ఎలాగో ఒక టికెట్టు దొరికింది. ఆ వారం దాటితే నా వీసా గడువు తీరిపోతుంది, దాంతోపాటే ఉద్యోగమూ పోతుంది. విమానం ఎక్కాలంటే ఆర్‌టీపీసీఆర్ నెగటివ్ రిపోర్టు కావాలి. అరగంటలో తేలిపోయే ర్యాపిడ్ టెస్టు పనికిరాదు. ఈ ముక్క ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. మావయ్య తలూపాడు కూడా.

అవి మిరప కోతల రోజులు. ఊరి చుట్టూ కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది. అమ్మ కూలికి ముచ్చికలు తీస్తుంటే పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసేదాన్ని. ఆ ఘాటుకి ఆ కాలంలో ఊరంతా తుమ్ముతుంది, ఊరంతా ముక్కు చీదుతుంది. ఏ ఏడూ ఎవరూ పట్టించుకోరు. ఆ ఏడు మాత్రం మావయ్య నా తుమ్ములు వింటూ కూర్చున్నాడు. పాజిటివ్ వస్తే కొంప మునుగుతుందని అమ్మ దగ్గర గొణిగాడు. మిరప ఘాటుకి పాజిటివ్ రాదు మావయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. 'నీకు తెలీదులేమ్మా' అన్నాడు. నాకు తెలీదట!

గుంటూరులో ల్యాబ్‌కి ఆయనే తీసుకెళ్ళాడు, అక్కడా మనవాడున్నాడు కాబట్టి. ఫోన్ నంబరు అడిగితే నేను నోరు తెరిచేలోపే తన నంబరు చెప్పేశాడు. ఆడపిల్ల నంబరు కనపడ్డ చోటల్లా ఇవ్వకూడదట. సముద్రం అవతల ముక్కూమొహం తెలియని మగవాళ్ళ మధ్య ఉద్యోగం చేసి డబ్బు పంపొచ్చు గానీ నంబరు మాత్రం ఇవ్వకూడదు. ఒళ్ళు మండింది. గొడవెందుకని శాంపిల్ ఇచ్చి బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాను. ఆయన లోపలే ఉండి మనవాడితో చాలాసేపు మాట్లాడాడు. కుశల ప్రశ్నలనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ప్రయాణపు ప్రార్థన. మా సంఘంలో ఎవరు దూరం వెళ్తున్నా పాస్‌పోర్టు, టికెట్టు అన్నీ ఒక కవర్లో పెట్టి పాస్టరుగారి చేతికిస్తారు. ఆయన దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. ఆ కవరును మళ్ళీ ఎయిర్‌పోర్టులోనే తెరవాలి. అందరూ కూర్చున్నాక మావయ్య రిపోర్టు పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. పీసీఆరేనా అని అడిగాను. అదేనమ్మా, నెగటివ్ అంటూనే మడతపెట్టి కవర్లోకి తోసేశాడు. అందరూ స్తోత్రం అన్నారు. ప్రార్థనయ్యాక ఒకసారి చూద్దామని కవరు అందుకోబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"దేవుడి మీద కూడా అనుమానమేనా నీకు?" అంది.

దేవుడి మీద కాదు, నీ అన్న మీద అనాల్సింది. పాస్టరుగారి ముందు ఏమంటాను? కారెక్కాను.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టు కౌంటర్లో అమ్మాయి రిపోర్టు విప్పి చూసి వెనక్కిచ్చింది. ఇది ర్యాపిడ్ అండి, చెల్లదు అంది మర్యాదగా. ఇప్పుడు ఇక్కడ చేయించుకున్నా ఫలితం విమానం వెళ్ళాకే వస్తుందని కూడా చెప్పింది. ఆ మాటలు నేనే ఎంతమందికి చెప్పానో. పక్కకి తప్పుకుని మావయ్యకి ఫోన్ చేశాను.

"నువ్వు తుమ్ముతున్నావు కదమ్మా. పెద్ద టెస్టులో ఏం తేలుతుందోనని భయమేసింది. మనవాడితో మాట్లాడి, నువ్విచ్చిన దాంట్లోంచే కాస్త తీయించి చిన్నది చేయించా. కళ్ళముందే నెగటివ్ వచ్చింది."

"మరి మిగతా శాంపిల్ ఏమైంది మావయ్యా?"

"దాని సంగతి వదిలెయ్యమ్మా" అన్నాడు.

నా వెనకాల నిలబడ్డవాళ్ళందరూ ఒక్కొక్కళ్ళే లోపలికెళ్ళిపోయారు. సూటుకేసు మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపుకంటే కోపమే ఎక్కువ. ఆ కోపం చూపించడానికి అక్కడ నా మనిషి ఒక్కరు లేరు.

ఇల్లు చేరాక ఇంకో టికెట్టు కోసం పడని పాట్లు లేవు. ఈలోగా ఆ దేశం మనవైపు విమానాలకు తలుపులు మూసేసింది. గడువు తీరిపోయింది. ఆసుపత్రివాళ్ళు నా చోట్లో ఇంకొకరిని తీసుకున్నామని, బాధపడుతున్నామని చెప్పారు.

అది తెలిసిన రోజు మావయ్య ఓదార్చడానికి వచ్చాడు. అమ్మ టీ పెట్టింది. తాగుతూ తాగుతూ ఫోను తీసి, మంచి కబురు దాచుకున్న మనిషిలా నా ముందుకు జరిపాడు. ల్యాబ్ నుంచి వచ్చిన మెసేజ్. నేనిచ్చిన శాంపిల్‌ది, పీసీఆర్. నెగటివ్.

"చూశావా, పెద్దది కూడా నెగటివే!" అన్నాడు.

ఎప్పుడొచ్చిందని అడిగాను.

"నువ్వు కారెక్కకముందే వచ్చిందమ్మా. పాజిటివ్ అయితే ప్రయాణం ముందు నీ మనసు పాడవుతుందని తెరవలేదు. ఇక నువ్వు వెళ్ళేది లేదు కదా, ఇప్పుడు చూస్తే తప్పేముందని ఇందాకే తెరిచా."

ఆయన ముఖంలో ఎక్కడా తప్పు చేసిన జాడ లేదు. గ్లాసు ఆయన నెత్తిన విసిరేద్దామన్నంత కోపమొచ్చింది, విసరలేదు. అమ్మ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. నాకు కరోనా లేనందుకు మా ఇంట్లో అందరూ దేవుడికి స్తోత్రం చెప్పారు.