యాక్సిల్‌కు కొట్టిన వేప పుల్ల

నా చిన్నప్పుడు దంతాలపల్లిలో కిరాయి కారు మాదొక్కటే. దాన్ని నడిపే మా బాపుకు కోపం ముక్కు మీదే ఉండేది. కారు మొరాయించిన రోజు ఇంట్లో గిన్నె చప్పుడైనా సహించేవాడు కాదు. ఆ ఏడు వానాకాలమంతా కారు మొరాయిస్తూనే ఉంది. మేం ఇంట్లో పిల్లుల్లా తిరిగాం.

మరిపెడ దారిలో వాగు దాటిన మర్నాడు మొదలైంది ఈ గోల. వెనక యాక్సిల్ హౌసింగ్‌లో, అంటే రెండు వెనక చక్రాల నడుమ ఉండే ఇనుప పెట్టెలో, నీళ్లు చేరాయి. ఆయిల్ దించి చూస్తే మజ్జిగలా ఉంది. ఆ పెట్టె మీద చిటికెన వేలు కూడా పట్టని రంధ్రం ఒకటుంది. దాని మూత ఎప్పుడో ఊడిపోయింది. నీళ్లు అందులోంచే లోపలికి పోయాయని బాపు పట్టేశాడు. అంతవరకు తెలివే. ఆ తర్వాత వేప పుల్ల చెక్కి, దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, ఆ రంధ్రంలో దిగ్గొట్టాడు. ట్యూబు ముక్క కోసి ఇచ్చింది నేనే.

"ఇగ సుక్క నీళ్లు వోతే నన్నడుగు" అన్నాడు.

నీళ్లు పోలేదు. వారం తిరక్కముందే వెనక చక్రాల దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. మరిపెడలో కార్లు బాగుచేసే షెడ్డు మేస్త్రీ కొత్త సీళ్లు, అంటే ఆయిల్‌ను ఆపే రబ్బరు చుట్లు, వేశాడు. మళ్లీ కారింది. మళ్లీ వేశాడు. మూడోసారి వేసిన నాలుగు రోజులకు, నొప్పులు పడుతున్న ఒకావిడను దవాఖానకు తీసుకుపోతుంటే, బ్రేకులకు ఆయిల్ అంటి దిగుడులో కారు ఆగలేదు. పొలంలోకి దిగి బురదలో నిలిచింది. తల్లీబిడ్డా బతికారు గానీ, ఆ రాత్రి బాపు అన్నం ముట్టలేదు.

మర్నాడు నాకు నోటుబుక్కులు కొనాల్సి ఉండి నన్నూ ఎక్కించుకున్నాడు. కారును మెల్లగా నడుపుకుంటూ నేరుగా షెడ్డుకు పోయాడు. అక్కడ చాయ్ తాగుతున్న డ్రైవర్లందరి ముందూ మేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు.

"దొంగ సీళ్లేసి మంది పానాలు దీస్తున్నవ్! నీ దగ్గరికి బండి దెచ్చుడే నా బుద్ధి తక్కువ!"

మేస్త్రీ మా బాపు కన్నా పెద్దవాడు. "జర సూడనియ్యన్నా" అని మాత్రం అని కారు కిందికి దూరాడు. నేను పక్కన గొంతుక్కూచుని చూస్తున్నాను. తడుముతున్న ఆయన చెయ్యి పుల్ల దగ్గర ఆగింది. పట్టకారుతో లాగగానే బుస్సుమని గాలి, దాని వెంట ఆయిల్ తుంపర ఆయన మొహాన పడ్డాయి. బాపు అవతల డ్రైవర్లతో ఇంకా అరుస్తూనే ఉన్నాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నా మొహంలోనే అంతా కనిపించి ఉంటుంది.

"బండి నడిస్తె లోపల గాలి ఉబ్బుతది బిడ్డా. గది పొయ్యే తొవ్వ గిదే" అన్నాడు మెల్లగా. "మూసుడు గాదు, పైకి తీస్కపోవాలె. నీళ్లందని కాడికి."

పుల్లను జేబులో వేసుకున్నాడు. ఆ రంధ్రానికి సన్నని రబ్బరు పైపు బిగించి, చక్రాలు ఎగిరినా తెగకుండా కొంత వదులుంచి, వెనక సీటు ఎత్తు దాకా తీసుకుపోయి, దాని మూతి కిందికి వంచి కట్టాడు. బ్రేకులు కడిగి, ఇంకోసారి సీళ్లు మార్చాడు. లేచి మొహం తుడుచుకుని అందరూ వినేలా అన్నాడు:

"తప్పు నాదేనన్నా. సీలు సక్కగ కూసోలే."

డ్రైవర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా ఒళ్లు మండిపోయింది. కాదని అరవాలనిపించింది. బాపు మొహం చూసి, పోయి కార్లో కూచున్నాను.

ఇంటికొచ్చాక బాపు కారు కిందికి వంగి, పుల్ల ఉండాల్సిన చోట పైపును చాలాసేపు చూశాడు. ఆయనకు తెలిసిపోయింది. "బాపూ, గా పుల్ల..." అన్నాను. "నోర్ముయ్" అన్నాడు. మళ్లీ ఆ షెడ్డుకు పోలేదు, సిగ్గుతో. మేస్త్రీ ఒప్పుకున్నదే నిజమనుకుని డ్రైవర్లు కూడా ఒక్కొక్కరే వేరే షెడ్డుకు మళ్లారు. మా కారు మాత్రం ఆ తర్వాత ఒక్క చుక్క కార్చలేదు.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. బోర్డు మీద తప్పు రాస్తే పిల్లల ముందే ఒప్పుకునేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. మెచ్చుకోవడానికి అందులో ఏముంది? నా తప్పు నేను చెప్పడం తేలికే. ఆ రోజు చెప్పాల్సింది బాపు తప్పు.

మేస్త్రీ మా బాపు పరువు కాపాడాడు. మేస్త్రీ పేరు కాపాడగలిగింది ఆ షెడ్డులో నేనొక్కదాన్నే. మరిపెడ పోయినప్పుడల్లా నేనిప్పటికీ చాయ్ బండ్ల దగ్గర ముసలి డ్రైవర్ల మొహాలు వెతుకుతాను. ఆయన వేసిన ప్రతి సీలూ మంచిదేనని ఒక్కరికైనా చెప్పాలి.