మరిది పేరుతో వచ్చిన మెయిలు

మొన్న మా మనవరాలు తన ఫోను చూపించింది. పోయినేడు కన్నుమూసిన వాళ్ల టీచరమ్మకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పమని అది గుర్తుచేస్తోందట. పిల్ల నవ్వింది గాని, నాకు నవ్వు రాలేదు.

ఇళ్లలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మదనపల్లెలో మా తమ్ముడు వాటిని బాగుచేసేవాడు. చుట్టాలు ఏదో మెయిలు తెరిచి వైరసు తెచ్చుకున్నారంటే చాలు, సంచిలో సీడీలు వేసుకుని బస్సెక్కేవాడు. కుప్పంలో మా మరిదికి, అంటే మా చెల్లెలి భర్తకు, ఆ పెట్టె అంటే ప్రాణం. కూతురు పుట్టాక కొత్త రకం కెమెరా కొని, పిల్లను ఎత్తుకుని ఒకే ఒక్క ఫోటో తీయించుకుని, కంప్యూటర్లో దాచాడు. కడిగించే తీరిక చిక్కకముందే లారీ గుద్ది పోయాడు. పిల్లకింకా మెడ నిలవలేదు.

పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ దినం నాడు పటం ముందు పెట్టడం మావైపు ఆచారం. వడలు, వక్కాకు, కొత్త పంచె పెట్టాక ఆయన తల్లి, "ఆ పెట్టె కూడా పెట్టండప్పా, నా బిడ్డ పొద్దస్తమానం దాని ముందరే కదా కూసునేది" అంది. దానికి బొట్టుపెట్టి, పూలు వేసి, ఫోను తీగ తగిలించి వెలిగించారు. చుట్టాల్లో ఒకాయన అందులో కొత్తగా వచ్చిన మెయిలు చూసి, పరామర్శ కాబోలని తెరిచాడు. తమ్ముడు పెరట్లో వడ్డిస్తున్నాడు, చూడలేదు.

సాయంత్రం చెల్లెలు ఆ ఫోటో చూద్దామని కూర్చుంటే ఏదీ తెరుచుకోలేదు. వైరసు ఫోటోలన్నిటినీ తినేసి, మరిది పేరుతోనే చుట్టాలందరికీ మెయిళ్లు పంపిందని తమ్ముడు తేల్చాడు. పుంగనూరులో ఉండే తన బావగారికి, అంటే మరిది అన్నకు, ఆ ఫోటో ఒకసారి పంపిన సంగతి చెల్లెలికి గుర్తొచ్చింది. అప్పటికే ఆయన తల్లిని తీసుకుని ఊరు చేరుకున్నాడు. మెయిలు తెరవొద్దని చెప్పడానికి ఫోను చేస్తే ఎంతసేపటికీ ఎంగేజే. అప్పట్లో ఫోనుకూ ఇంటర్నెట్టుకూ ఒకటే తీగ. వాళ్లు ఆ పెట్టె ముందే ఉన్నారని మాకు అర్థమైపోయింది.

మరునాడు నేనూ తమ్ముడూ పుంగనూరు వెళ్లేసరికి ఆ తల్లి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"సూడప్పా, నా కొడుకు జాబు రాసినాడు."

"ఆయన రాసింది కాదమ్మా అది, వైరసు. తీసేయాల" అన్నాడు తమ్ముడు.

"నా బిడ్డ ఇంటికొస్తే తలుపేసుకోమంటావా? డబ్బాలు ఇప్పేవాడివి, నీకేం తెలుసు!"

బావగారు తలెత్తలేదు. "తమ్ముడి పేరు కనిపిస్తే తెరవకుండా ఎట్లుంటానప్పా?" అన్నాడు. అక్కడ ఆ ఫోటో పేరు మాత్రం మిగిలింది. నొక్కితే ఏమీ రాలేదు.

చెల్లెలి కూతురు ఇప్పుడు పెద్దదైంది. ఆ ఫోటో తీసినప్పుడు పక్కన ఉన్నదాన్ని గనుక, అందులో నాన్న ఎలా ఉన్నాడని నన్నే అడుగుతుంది. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, చూసింది చూసినట్టు రాసిద్దామని మొదలుపెట్టాను. నీలం గళ్ల చొక్కా రాశాను, ఎండకు కళ్లు చిట్లించిన పిల్లను రాశాను. ఆయన ముఖం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఈ రోజుల్లో అన్నం తిన్నా ఫోటోనే, ఆవలించినా ఫోటోనే. మా పిల్లకు ఉన్నదల్లా నా జ్ఞాపకం. అందులో వాళ్ల నాన్న నవ్వుతున్నాడో లేదో నాకే తెలియడం లేదు.