బోరికి చోటు లేదు

ప్యో మాన్‌షిక్ ఇంట్లో ఎవరిని పేరు పెట్టి పిలిచినా విన్నవాడికి ఆకలేస్తుంది. పసుపుపచ్చ ముసలి ఆడకుక్క పేరు కోంగ్, అంటే సోయాగింజ. తెల్లకుక్క పేరు మందూ, అంటే కుడుము. మనవాళ్ళ చెవికి అది మరోలా వినబడితే తప్పు నాది కాదు. తినే వస్తువు పేరు పెడితే కుక్క కలకాలం బతుకుతుందంటారు. పిల్లల సంగతీ అంతే. బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్ళూ పిలుచుకోవడానికి ఓ పేరుండాలి కదా! పెద్దది దాసోమ్ కడుపులో ఉన్నప్పుడు దాని పేరు గామ్, వాళ్ళ తోటలో కాసే ఎర్రటి పండు పేరే. చిన్నది యూరి కడుపులో ఉన్నప్పుడు ఖుల్, అంటే తేనె. భూమ్మీద పడ్డాకే అసలు పేర్లు వచ్చాయి. ఇప్పుడు పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి ఐదు.

ఈ గందరగోళం చాలదన్నట్టు మాన్‌షిక్ తల్లి ఒకావిడ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మనవరాళ్ళని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "నా కుక్కపిల్లా" అంటుంది. ముద్దు మరీ ముంచుకొస్తే "నా పెంటకుక్కపిల్లా" అంటుంది. ఆవిడ వాకిట్లో నిలబడి "కుక్కపిల్లల్లారా, అన్నానికి రండే!" అని కేకేస్తే రెండు కాళ్ళవీ నాలుగు కాళ్ళవీ కలిసి పరిగెత్తుకొస్తాయి.

మాన్‌షిక్ పుట్టింది, పెరిగింది, ఇప్పుడు పండ్లు ఒలుస్తున్నది, అంతా సాంగ్జు కొండల కింది తోల్దారి అనే ఊళ్ళోనే, తండ్రి నాటిన గామ్ చెట్ల మధ్యనే. నలభై మూడేళ్ళవాడు. మంచివాడు, పనిమంతుడు, చేతులు బంగారం. చెవులతోనే వచ్చింది చిక్కు. చెవుడేం లేదు, శుభ్రంగా వినబడుతుంది. కాకపోతే సగం మాట విని మిగతా సగం తనే పూరించుకుంటాడు. పెళ్ళిచూపుల రోజున టీ దుకాణంలో "కళ్ళజోడు అమ్మాయి" అని చెప్పి పంపితే, కళ్ళజోడున్న ఎవరో టీచరమ్మ ముందు కూర్చుని అరగంట తన తోట గురించి చెప్పాడు. అసలు అమ్మాయి మిరాన్ పక్క బల్ల దగ్గర కూర్చుని అదంతా విని, నవ్వు ఆపుకోలేక ఈయన్నే చేసుకుంది. ఆ నవ్వే పదకొండేళ్ళుగా ఆ ఇంటిని నిలబెడుతోందని నేనంటాను.

మొన్న వసంతంలో కోంగ్ నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటి మూతులు, వాటి ఉచ్చలు, నమిలేసిన చెప్పులు! నెలన్నర భరించాడు మాన్‌షిక్. తర్వాత నాలుగింటినీ పండ్లు సర్దే అట్టపెట్టెలో పెట్టుకుని సంతకెళ్ళి, మంచివాళ్ళుగా కనబడ్డవాళ్ళకి తలా ఒకటి ఊరికే ఇచ్చేసి, ఖాళీ పెట్టెతో తిరిగొచ్చాడు. పిల్లలిద్దరూ వారం రోజులు ఏడ్చారు. యూరి ఆ ఖాళీ పెట్టెలోకి తొంగి చూసి, "వాళ్ళమ్మకి చెప్పే తీసుకెళ్ళావా నాన్నా?" అని అడిగింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, ఈ గడపలోకి ఇంకో కుక్కపిల్ల రాకూడదని.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అక్టోబరు చివర్లో, పండ్లు ఒలిచి ఆరబెట్టే రోజుల్లో, ఒలిచే యంత్రం గుయ్యిమని తిరుగుతుండగా తల్లి కొట్టంలోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఒరేయ్, నాకు కలొచ్చిందిరా! తెల్లటి, బొద్దు కుక్కపిల్ల గుమ్మంలోంచి వచ్చి నా ఒళ్ళోకి దూకింది. నేననుకున్నట్టే అయింది. నిన్న ఆస్పత్రిలో కూడా చెప్పారట. మనింటికి ఇంకో కుక్కపిల్ల వస్తోందిరా!"

యంత్రం గోలలో వాడికి అందింది ఇంతే: కుక్కపిల్ల, తెల్లటిది, వస్తోంది.

"వద్దు," అన్నాడు, చేతిలో పండు తిప్పుతూనే.

"ఏంట్రా?"

"వద్దంటే వద్దమ్మా! ఉన్నవి చాలు. వీటికి పెట్టలేకే చస్తున్నాను. ఎవరు అంటగట్టారో వాళ్ళకే ఇచ్చెయ్యమను."

ముసలావిడ గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. చెప్పాను కదా, మీకు ఎప్పుడో అర్థమైంది. వాడికే కాలేదు.

ఆ మధ్యాహ్నం నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. మాన్‌షిక్ ముందుకి వచ్చిన పులుసులో నీళ్ళు తప్ప ఏం లేవు. మిరాన్ మాట్లాడదు. పలకరిస్తే "ఆఁ", "ఊఁ". ముల్లంగి పచ్చడి జాడీ మూత తీస్తే చాలు, నోటికి కొంగడ్డం పెట్టుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెడుతుంది. కడుపులో బాగాలేదేమోనని మందుబిళ్ళలు తెచ్చిచ్చాడు. ఆవిడ వాటికేసి చూసి, వాడికేసి చూసి, ఏడ్చింది. ఒక కుక్కపిల్ల కోసం ఇంత రాద్ధాంతమా! వాడి బుర్ర తిరిగిపోయింది.

దాసోమ్ బడి నుంచి వచ్చి తండ్రికి మొహం చూపించకుండా పక్కనుంచి పోతోంది. తల్లి అయితే సరేసరి, కొడుకుని చూసినప్పుడల్లా గాలితో మాట్లాడుతోంది. "నేను కన్నది రాయినా మనిషినా? తండ్రి బతికుంటే ఈ మాట విని తల ఎక్కడ పెట్టుకునేవాడో."

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, బుధవారం నుంచీ పట్నానికి పండ్లు సర్ది పంపాల్సిన అట్టపెట్టెలు కనబడటం మానేశాయి. మడతపెట్టి కొట్టం గోడకి ఆనించిన కట్ట రోజురోజుకీ సన్నబడుతోంది. ఎవరు తీస్తున్నారంటే ఎవరూ తీయలేదు. అది చాలక, కోంగ్ తన గూట్లో పట్టడం లేదు. ముందు కాళ్ళు, తల లోపల, మిగతా ఒళ్ళంతా బయట చలిలో. ముసలి కుక్క ఇప్పుడు పెరగడమేమిటి? మాన్‌షిక్ దాని పక్కన గొంతుక్కూర్చుని, "నీకేమైందే తల్లీ? నువ్వు కూడానా?" అని అడిగాడు. అది వాడి బుగ్గ నాకింది. ఆ ఇంట్లో ఆ వారం వాణ్ణి ముట్టుకున్న ప్రాణి అదొక్కటే.

అంతకు ముందురోజు, మంగళవారం పొద్దున, యూరి కొట్టంలోకి వచ్చి, వేలాడుతున్న పండ్ల వరసల కింద నిలబడింది.

"నాన్నా, బోరిని ఎవరికైనా ఇచ్చేస్తావా?"

"బోరి ఎవరే?"

"అదే, రాబోయేది. అక్కా నేనూ పెట్టాం పేరు."

బోరి అంటే బార్లీ. మరో తిండిపేరు! అప్పుడే పేరు కూడా పెట్టేశారన్నమాట అనుకుని మాన్‌షిక్ ఉడుక్కున్నాడు. "ఇవ్వక? ఇక్కడ చోటెక్కడుంది? ఎవరైనా మంచివాళ్ళు దొరికితే ఇచ్చేద్దాం. ఇంతకీ మగదా ఆడదా?"

"ఇంకా తెలీదంట."

"ఆడదైతే అసలే వద్దు. ఆడవాటితో నేను పడ్డది చాలు."

వెనకాల ఏదో పడిన చప్పుడైంది. మిరాన్ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ చేతిలోంచి జారిన పళ్ళెం నేల మీద గిరగిరా తిరుగుతోంది. తెచ్చిన చిలగడదుంపలు వాడి కాళ్ళ దగ్గరికి దొర్లాయి. ఆవిడ వాటిని ఏరలేదు. "యూరీ, లోపలికి రా" అని మాత్రం అంది. ఆ గొంతు మాన్‌షిక్ ఎన్నడూ వినలేదు. వాడికి భయం వేసింది. ఎందుకో తెలియని భయం, దేనికి క్షమాపణ చెప్పుకోవాలో తెలియని భయం. అలాంటి భయం పగవాడికి కూడా వద్దు.

శనివారం తెలిసింది, మిరాన్ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతోందని. ఎన్నాళ్ళకని అడిగితే చెప్పలేదు. వాడు పండ్లు ఒలవడం మానేసి పెరట్లో కూర్చున్నాడు. పోనీ, పెంచుకుంటే పోయేదేముంది? ఒట్టు గట్టున పెడదాం. పెళ్ళాం లేని ఇంట్లో ఒట్టు నిలబెట్టుకుని ఏం చేసుకోను? లేచి, పాత పండ్ల బుట్టల చెక్కలు తీసి, సుత్తి అందుకున్నాడు.

ఆదివారం పొద్దున మిరాన్ సంచీ పుచ్చుకుని పిల్లలిద్దరితో వాకిట్లోకి వచ్చేసరికి కోంగ్ గూడు, మందూ గూడు పక్కన కొత్త చెక్కగూడు ఒకటి నిలబడి ఉంది. పైన నీలం రంగుతో "బోరి" అని పెద్ద అక్షరాలు. పక్కన మాన్‌షిక్, మోచేతుల దాకా రంగు.

"దాసోమ్ వాళ్ళమ్మా, ఒక్క నిమిషం ఆగు. నేను ఓడిపోయాను. ఇదిగో, నీ బోరికి ఇల్లు."

మిరాన్ గూడుకేసి చూసింది. "బోరిని... ఇందులో పడుకోబెడతారా?"

"మరి ఇంట్లో పరుపు మీద పడుకోబెట్టమంటావా? అది మాత్రం కుదరదు. గడ్డి మెత్తగా వేశాను. చలికి గోనెపట్టా కడతాను. ఆడదైనా సరే, ఉండనీ. కాస్త పెద్దదయ్యాక పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించేద్దాం, ఇక పిల్లల గొడవే ఉండదు."

అరుగు మీద ముల్లంగి తరుగుతున్న తల్లి చేతిలో కత్తి ఆగింది. "వీడికి మతి పోయిందే కోడలా!"

మిరాన్ సంచీ కింద పెట్టింది. "ఏమండీ, బోరి అంటే ఎవరనుకుంటున్నారు?"

"ఎవరేంటి? కుక్కపిల్ల! తెల్లటిది! అమ్మే చెప్పిందిగా, కుక్కపిల్ల వస్తోందని!"

ముసలావిడ ముల్లంగి ఆకులతోనే కొడుకు వీపు మీద బాదడం మొదలుపెట్టింది. "దరిద్రుడా! నా కుక్కపిల్లలకి ఎప్పుడైనా నాలుగు కాళ్ళున్నాయట్రా? కలన్నాను, ఆస్పత్రన్నాను, చెవిలో ఏం పెట్టుకున్నావ్?"

మిరాన్ నేల మీద కూలబడి నవ్వింది. పెళ్ళిచూపుల నాటి నవ్వే. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. రంగు పూసిన వాడి చెయ్యి లాగి తన కడుపు మీద పెట్టుకుంది. "బోరి ఇక్కడుంది. మూడో నెల. నలభై ఒకటో ఏట ఇదేంటని నాకే భయంగా ఉంటే, మీరు వద్దన్నారు. ఆడదైతే అసలే వద్దన్నారు."

"కుక్క అనుకున్నానే," అన్నాడు మాన్‌షిక్. "ఒట్టు, కుక్కనే అన్నాను." ఎన్నిసార్లు అన్నా ఆ మాట చాలడం లేదు. బిడ్డ వస్తోందన్న సంతోషం గొంతు దాకా వచ్చింది గానీ, దాని ముందు సిగ్గు అడ్డంగా నిలబడింది. మందుబిళ్ళలు, నీళ్ళపులుసు, చిలగడదుంపలు, ఒక్కొక్కటే ఇప్పుడు అర్థమవుతున్నాయి. అట్టపెట్టెలు తప్ప.

యూరి వాడి లాగు పట్టుకుని గుంజింది. "అయితే నాన్నా, బోరిని సంతకి తీసుకెళ్ళవా?"

"తీసుకెళ్ళనమ్మా."

"ఆడపిల్లైనా?"

"ఆడపిల్లైతే మరీ మంచిది."

యూరి కోంగ్ గూడు దగ్గరికి వెళ్ళి, ముసలి కుక్కని రెండు చేతులతో పక్కకి నెట్టి, గడ్డి కిందినుంచి మడతపెట్టిన అట్టపెట్టెలు ఒక్కొక్కటే లాగింది. అడుగు నుంచి గూడు సగం దాకా అవే. పాపం ఆ కుక్క ఇన్నాళ్ళూ వాటి మీదే ఇరుక్కుని పడుకుంది.

మాన్‌షిక్ నవ్వబోయాడు. "పెట్టె లేకపోతే బోరిని తీసుకెళ్ళలేననా? ఓసి పిచ్చిదానా! బోరికి ఒక్క పెట్టె చాలుగా, అన్నీ ఎందుకు దాచావే?"

"అక్కకీ నాకూ కూడా కావాలి కదా," అంది యూరి. "నువ్వు ఆడవి వద్దన్నావు. మేం కూడా ఆడవాళ్ళమే కదా నాన్నా."

మాన్‌షిక్ ఆ అట్టల మీదే కూర్చుండిపోయాడు. కూతుళ్ళిద్దర్నీ రంగు చేతులతోనే ఒళ్ళోకి లాక్కున్నాడు. చాలాసేపటి దాకా వదల్లేదు.