నా వయసు తెలిసిన అవ్వ

పోయిన మంగళవారం బాన్సువాడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఎదురింటి అవ్వ పోయింది. నిద్రలనే పానం ఇడిసింది" అన్నాడు. ఏడుపు రావాలి. ముందుగా వచ్చింది మాత్రం, ఇక ఎవరికీ తెలియదులే అన్న ధైర్యం. వెంటనే సిగ్గేసింది. ఏడుపు రావడానికి సాయంత్రమైంది. ఆమె అంటే నేనెంత భయపడ్డానో చెప్పకుండా ఆమె గురించి చెప్పడం నాకు చేతకాదు.

అవ్వ మా వాడకట్టు మంత్రసాని. దవాఖానకు పోయే అలవాటు ఇంకా పడని రోజుల్లో పిల్లలందరం ఆమె చేతుల్లోనే పడ్డాం. ఎవరు ఏ వారం పుట్టారో, ఆ రోజు నిజాంసాగర్ కాలువలో నీళ్లున్నాయో లేదో కూడా ఆమెకు గుర్తే. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు ఆమె అరుగు మీద కూర్చుని వయసులు అడిగిపోయేవారు. నేను ఎదురైతే నా మడమలు చూసి నవ్వేది. "తల గాదు, కాళ్లు ముందుగాల వచ్చిన పిల్లవు. గందుకే నిలవడవు, ఉరుకుడే ఉరుకుడు" అనేది. హాకీ స్టిక్కు ఆమెకు వంకర కట్టె. "గా వంకర కట్టె మూలకు వెట్టి ముందుగాల బువ్వ తిను" అని కేకేసేది.

నేను బడిలో ఆలస్యంగా చేరాను. అమ్మ లేదు, తమ్ముణ్ణి ఎత్తుకునే పని నాదే. చివరికి నాన్న తీసుకెళ్తే, హెడ్మాస్టరు సారు నా కుడిచేతిని తల మీదుగా ఎడమ చెవికి అందించమన్నారు. పొట్టిదాన్ని కాబట్టి కష్టం మీద అందింది. అంటే అప్పుడే ఐదేళ్లు నిండాయని లెక్కగట్టి సారు ఒక తేదీ రాసేశారు. మా ఊళ్లో చాలామంది తేదీలు అలాంటివే, ఎవరూ పట్టించుకోలేదు. మా డ్రిల్లు సారు కాలేజీ గ్రౌండులో నాకు హాకీ నేర్పి, మలేసియాలో జరిగే జూనియర్ టోర్నమెంటు జట్టులోకి వెళ్లేదాకా తెచ్చాకే ఆ తేదీ గుర్తొచ్చింది. పద్దెనిమిది దాటినవాళ్లు ఆడకూడదు. రిజిస్టరు ప్రకారం నాకు పదిహేడు. అవ్వ లెక్కన పందొమ్మిది.

ఎవరో పేరు లేని ఉత్తరం రాశారు. ఎంక్వైరీకి ఒక ఆఫీసరు వచ్చాడు. బడిలో రిజిస్టరు చూసి మా గల్లీకి వస్తే, ఎవరో అవ్వను చూపించారు. నేను మా తలుపు వెనక నిలబడ్డాను. పాస్‌పోర్టు లాక్కుంటారు, పేపర్లో పడుతుంది, డ్రిల్లు సారును దొంగంటారు, నాన్న బజారులో తలెత్తుకోలేడు. అవ్వ అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఎదురింటి అమ్మాయికి పురుడు పోసింది మీరేనట కదమ్మా. ఎన్నేళ్లయింది?" అని అడిగాడు ఆఫీసరు.

అవ్వ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నేనే పోసిన. ఎన్నేండ్లయిందో యాదికొస్తలేదు బిడ్డా."

"అందరివీ చెప్తారట కదా?"

"గప్పుడు చెప్తుంటి. ఇగ ముసలిదాన్నైతి, మతిల ఉంటలేదు."

ఆయన ఫైలు మూసుకుని వెళ్లిపోయాడు.

మలేసియా వెళ్లాను. మేనేజరు నా పేరు పిలిచినప్పుడల్లా ఆ ఉత్తరం సంగతేననుకునేదాన్ని. ఒక మ్యాచ్‌లో అంపైరు విజిల్ వేసి నా వైపే వేలు చూపించింది. అయిపోయిందనుకుని స్టిక్కు కింద పెట్టేశాను కూడా. బూటు లేసు ఊడిందని చెప్పడానికట. పతకం లేకుండానే తిరిగొచ్చాం. నా బదులు ఆ విమానం ఎక్కాల్సిన పిల్ల ఒకతి ఎక్కడో ఇంట్లో కూర్చుని ఉంటుందని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తుంది.

నేను వచ్చేసరికి, అవ్వకు మతి తప్పిందన్న మాట వాడకట్టంతా పాకింది. సంబంధాలవాళ్లు అరుగెక్కడం మానేశారు. "వయసులే యాదిలేనోళ్లకు పురుడు పోసుడు యాదుంటదా?" అని మా చిన్నమ్మే నవ్వింది. కాన్పులకూ పిలవడం మానేశారు. అవ్వ ఎవరితోనూ వాదించలేదు. నాకు ఆ టోర్నమెంటు పుణ్యాన ఉద్యోగం వచ్చింది, ఆ తేదీతోనే. నాన్న పోయాక నా అసలు వయసు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. నిజంగా మరిచిపోయిందో, ఎప్పుడో నలుగురిలో అనేస్తుందో తెలియక, ఊరికి వెళ్లినప్పుడల్లా ఆమె కంట పడకుండా వెనక గల్లీ నుంచి వచ్చేదాన్ని. పదకొండేళ్లు అలాగే గడిపాను.

పోయిన నెల తమ్ముడు పోరుపెడితే చూడబోయాను. అవ్వ మంచంలో ముడుచుకుని ఉంది. "ఎవ్వరిని గుర్తువడ్తలేదక్కా" అని కోడలు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే అవ్వ నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఐతారం పొద్దుగాల పుట్టినవ్ బిడ్డా. కాలువకు నీళ్లిడిసిన రెండో దినం. గిప్పుడు నీకు ముప్పై నిండినయ్. చెప్పాలె గద, మల్ల నీకెవలు చెప్తరు?"

ఆమె కాళ్లకు మొక్కాల్సింది. నేను చేసిన పని తలుపు వైపు చూడటం. ఎవరైనా విన్నారేమోనని.

అవ్వ అది చూసింది. మెల్లగా నా చెయ్యి వదిలేసింది. కోడలు చాయ్‌తో గడప దాటి రాగానే, నా మొహంలోకే చూస్తూ గట్టిగా అడిగింది.

"ఎవలే గీ పిల్ల? ఎప్పుడచ్చింది?"