తేమ చూసే రూప్‌సింగ్

రూప్‌సింగ్ పన్నెండేళ్లు ఖమ్మం పత్తి మార్కెట్లో తేమ చూశాడు. ట్రాక్టర్ మీది పత్తిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, తర్వాత మీటరు గుచ్చి, అంకె చెప్పేవాడు. తేమ నూటికి పన్నెండు పాళ్లు దాటితే కొనేవాళ్లు వెనక్కి పంపేవారు. రైతులు మీటరును వదిలేసి అతన్ని తిట్టేవారు. తిట్లన్నీ విని అదే అంకె మళ్లీ చెప్పేవాడు.

ఒక డిసెంబరులో కారేపల్లి దగ్గరి తండా నుంచి అతని సొంత అన్న బిచ్యా పత్తి తెచ్చాడు. మీటరు పదిహేడు చూపించింది. రూప్‌సింగ్ పదిహేడనే చెప్పాడు. బిచ్యా పత్తిని ఇంటికి తోలుకుపోయి ఆరబోసుకున్నాడు. తమ్ముడితో రెండేళ్లు మాట్లాడలేదు. ఆ రెండేళ్లూ రూప్‌సింగ్ పండగలకు అన్న ఇంటికి వెళ్లి, భోంచేసి, మాట్లాడకుండానే తిరిగి వచ్చేవాడు.

మోకాళ్లు అరిగి ట్రాక్టర్లెక్కడం కుదరనప్పుడు ఖమ్మం శివారులో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేరాడు. అక్కడ రాజ్యశ్రీ అనే కెమిస్ట్రీ మేడం పాలిమర్ల మీద పరిశోధన చేస్తోంది. ఆమెది సత్తుపల్లి వైపు. అతను అడక్కపోయినా మొదటి వారమే కూర్చోబెట్టి చెప్పింది.

“ఒకే గొలుసండీ. సగం గట్టి ప్లాస్టిక్, సగం మెత్తనిది. రెండింటికీ పడదు. గొలుసు తెగదు కాబట్టి దూరంగా పోలేవు. అందుకని ఎవరూ పేర్చకుండానే పొరలు పొరలుగా సర్దుకుంటాయి. బాగా వేడి చేస్తే ఆ పొరలు చెదిరి కలిసిపోతాయి.”

“మరి ఇందుల ఉప్పెందుకు కలుపుతరు మేడం?”

“బ్యాటరీలో పని చెయ్యాలంటే లిథియం ఉప్పు ఉండాలి. అది మెత్తని భాగంలోనే కరుగుతుంది. ఉప్పు పెరిగేకొద్దీ రెండింటికీ అసలే పడదు. పొరలు చెదరాలంటే ఇంకా ఇంకా వేడి కావాలి. అంత వేడి చేస్తే సరుకే మాడిపోతుంది, ఇక కావలసిన ఆకారంలో పోత పోసేదెలా? అందుకని గొలుసులో ఆ రెండూ కలిసే అతుకు మార్చాను. ఈ రకంలో గట్టిది మెల్లగా తగ్గుతూ, మెత్తనిది మెల్లగా పెరుగుతూ వస్తుంది. అప్పుడు కొంచెం సర్దుకుంటాయి.”

రూప్‌సింగ్ అన్నాడు: “కారేపల్లిల బస్సెక్కి సత్తుపల్లి పోతుంటే మాట మారినట్టా? ‘ఏంది’ పోయి ‘ఏంటి’ వస్తది. ఏ స్టాపుల మారిందో చెప్పరాదు.”

మేడం అవునంది. మర్నాడు క్లాసులో అదే ఉదాహరణ చెప్పింది. ఎవరిదో చెప్పలేదు.

మామూలు అతుకున్న సరుకు ఏప్రిల్‌లో రెండు వందల పన్నెండు డిగ్రీల దగ్గర చెదిరింది. అతుకు మార్చిన సరుకును ఆగస్టులో అంతే ఉప్పుతో చేసింది. అది నూట యాభై ఎనిమిదికే చెదిరింది. మేడం మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అంతే. హైదరాబాదు సెమినారుకు రాసి పంపింది. డిపార్ట్‌మెంట్ పెద్ద వెంకటరామారావు గారు గేటు దగ్గర ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టించారు.

రెండు రోజుల తర్వాత రూప్‌సింగ్ ఉప్పు సీసా పట్టుకుని ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు.

“ఇది చెంచాకు అంటుకుంటాంది మేడం.”

ఆగస్టులో నైట్రోజన్ సిలిండర్ రాలేదు. తేమ పీల్చే ఆ ఉప్పును ఆ గ్యాసు నింపిన పెట్టెలో, గాలి తగలకుండా తూచాలి; మేడం వాన పడుతుండగా కిటికీ పక్కన తూచింది.

“బరువు సరిగానే తూచానండీ. పైగా సరుకంతా తర్వాత ఓవెన్లో ఆరబెట్టాం కదా. నీళ్లు పోయాయి.”

“నీళ్లు పోయినయ్. కానీ తూచినప్పుడు ఆ బరువుల ఉప్పెంత, నీళ్లెంత?”

మేడం సీసాలోంచి కొంచెం ఉప్పు తూచి వాక్యూమ్ ఓవెన్లో పెట్టించింది. నాలుగో రోజు మళ్లీ తూచింది. వందకు ఇరవై రెండు పాళ్లు తగ్గింది. అంటే సరుకులో పడాల్సినంత ఉప్పు పడలేదు. పొరలు తొందరగా చెదరడంలో అతుకు గొప్పతనం కొంతే. మిగతాది ఉప్పు తక్కువైనందువల్ల.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. రూప్‌సింగ్ ఇలాంటి ముఖాలు పన్నెండేళ్లు చూశాడు గానీ, ఎవరినీ ఓదార్చిన అలవాటు లేదు. టీ తెచ్చి పెట్టాడు.

వెంకటరామారావు గారు మండిపడ్డారు. “అటెండరు మాట పట్టుకుని సెమినారు మానేస్తారా? ఫ్లెక్సీ కూడా కట్టాం.”

“మాననండీ. వెళ్లి జరిగింది జరిగినట్టే చెప్తాను,” అంది రాజ్యశ్రీ.

వెళ్లింది, చెప్పింది. ముందు వరసలో ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం ఉప్పు ఎన్నాళ్లు ఆరబెట్టారని అడిగి రాసుకున్నాడు. ఫ్లెక్సీని విప్పే పని ఎవరిదీ కాకపోవడంతో సంక్రాంతి దాకా గేటుకే వేలాడింది.

ఎండిన ఉప్పుతో మళ్లీ చేసిన సరుకు నూట తొంభై ఐదు డిగ్రీల దగ్గర చెదిరింది. మేడం రెండు గీతలున్న కాగితం తెచ్చి రూప్‌సింగ్‌కు చూపించింది. ఒకటి మామూలు అతుకుది, ఒకటి మార్చినది.

“తేడా తక్కువే ఉంది,” అన్నాడు.

“తక్కువే. కానీ ఉంది.”

“అవ్, ఉంది.”

“ఈసారి ఉప్పు ఇంకా పెంచుదాం. పొరలు పోయి గొట్టాల్లా మారతాయేమో చూడాలి. ఉప్పు మూడు రోజుల్లో ఆరుతుందా?”

“నాలుగు,” అన్నాడు రూప్‌సింగ్.

“సోమవారం యంత్రం ఖాళీగా ఉంటుందండీ. మూడు చాలదా?”

“నాలుగు.”