కాకికి చెప్పిన పెండ్లి కబురు

మా చిన్నప్పుడు మధ్యాహ్నం వచ్చే సీరియల్లో తండ్రి వేషం వేసిన నటుడు మొన్న పోయారు. ఇవాళ మూడో రోజు. పొద్దున లేచి చూస్తే మా అమ్మ డాబా మీద విస్తరి వేసి కూర్చుంది. విస్తరిలో గారెలు. సీరియల్లో ఆయన ఎప్పుడూ గారెలే అడిగేవాడట.

సూర్యాపేట కాకులన్నీ వచ్చి వాటర్ ట్యాంకు మీద వాలాయి గానీ ఒక్కటీ ముట్టలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందని మా దగ్గర నమ్మకం.

"బిడ్డ పెండ్లి సూడకుండనే పాయె. పెండ్లి రాకముందే సీరియల్ ఆపేసిరి గద" అంది అమ్మ.

"అమ్మా, అది సీరియల్. ఆయనకు అసలు బిడ్డ ఉన్నదో లేదో" అన్నాను.

"గారెలు గూడ సీరియల్లనే తిన్నడు. నిన్న మినప్పప్పు తెచ్చిస్తివి గద, గప్పుడెందుకు చెప్పలే?"

అమ్మ కాకులకు దండం పెట్టింది. "అన్నా, నీ బిడ్డ పెండ్లి మేమే దగ్గరుండి చేసినం. పిలగాడు బుద్ధిమంతుడు. మిర్యాలగూడల రైసుమిల్లు ఉన్నది. నువ్వు రంది పెట్టుకోకు."

రెండు నిమిషాల్లో ఒక కాకి వచ్చి గారె ఎత్తుకుపోయింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ దిగులుగా ఉంది. "మిల్లు అని చెప్తి గని, గా పిల్లకు ఊక దుమ్ము పడతదో లేదో."

సీరియల్లో ఆ పిల్ల వేరే ఎవరినైనా ప్రేమించిందా? మీకు గుర్తుంటే నాకు చెప్పండి, మా అమ్మకు మాత్రం వద్దు. ఆమె కాకికి మాట ఇచ్చేసింది.